చికిత్స ముగిసిన తర్వాత మొదలయ్యే లెక్క

పార్లమెంటులో క్యాన్సర్ ప్రస్తావన వచ్చిన రోజున పక్షభేదాలు కాసేపు సద్దుమణుగుతాయి. ఆ వ్యాధి తొక్కని గడప ఏ సభ్యుని బంధువర్గంలోనూ లేదు కాబోలు, గొంతులు తమంత తామే తగ్గుతాయి. అటుపైన మంత్రివర్యులు యంత్రాల సంఖ్య చదువుతారు. ప్రతిపక్ష సభ్యులు ఆ యంత్రాలు చేరని జిల్లాల పేర్లు చదువుతారు. 2024 జులైలో ప్రవేశపెట్టిన బడ్జెట్టులో మూడు క్యాన్సర్ మందులపై దిగుమతి సుంకం రద్దయింది. మూడేళ్లలో జిల్లా ఆసుపత్రులన్నింటిలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు నెలకొల్పుతామనీ, అందులో 200 కేంద్రాలు 2025-26లోనే వస్తాయనీ 2025 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి ప్రకటించారు. హర్షించదగిన నిర్ణయాలే. ఇంకా ముందే రావలసింది అనడం తప్ప వీటిని కాదనేవారెవరూ ఉండరు.

అయితే ఈ లెక్కలన్నీ ఒక గుమ్మం దగ్గర ఆగిపోతున్నాయి. కణితి తీసివేసి, మందులు ఎక్కించి, రేడియేషన్ పూర్తిచేసి రోగిని ఇంటికి పంపిన రోజున ప్రభుత్వం వారి పద్దు మూతపడుతుంది. ఆ స్త్రీ పద్దు మాత్రం ఆనాడే తెరుచుకుంటుంది. ఆమె మరి పదేళ్లో, ఇరవయ్యేళ్లో, ముప్ఫయ్యేళ్లో బతకవలసిన మనిషి. ఆ ఏళ్లు ఎటువంటి ఒంటితో బతుకుతుంది, ఏ కొత్త రోగాలను మోస్తుంది అన్న ప్రశ్న సభలో వినిపించగా నేను వినలేదు. ఈ వారం ఆ ప్రశ్నలో ఒక చిన్న భాగాన్ని పాఠకుల ముందుంచుతున్నాను. రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత స్త్రీలు బరువు పెరగడం గురించి.

ఢిల్లీ నుంచి రాసేవాడికి ఇంతకన్న పెద్ద విషయం దొరకలేదా అని కొందరికి అనిపించవచ్చు. ఆడవారి ఒళ్లు రాజకీయ విషయమా అని మరికొందరు ముఖం చిట్లించవచ్చు. నా మనవి ఒక్కటే. ఏటా దేశంలో సుమారు లక్షా 92 వేల మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా సోకుతున్నదనీ, 98 వేల మందికి పైగా మరణిస్తున్నారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి వేసిన అంచనా. చికిత్స పొంది బతికి బయటపడ్డవారు ఏటికేడాది పోగవుతున్నారు. ఒక్కచోట కూడితే ఒక మహానగరమే అవుతుంది. ఆ నగరానికి మాత్రం నియోజకవర్గం లేదు.

పుదుచ్చేరిలో నాలుగు రోజులు

ఈమధ్య సభలకు విరామం వచ్చినప్పుడు పుదుచ్చేరి పట్టణంలో నాలుగు రోజులు గడిపే అవకాశం కలిగింది. తెలుగు పాఠకులకు ఆ ఊరు పరాయిది కాదు. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం ఆ కేంద్రపాలిత ప్రాంతంలో అంతర్భాగం. అక్కడి శాసనసభలో యానాం ప్రతినిధికి ఒక స్థానం ఉన్నది. పరిపాలనకూ, పెద్ద వైద్యానికీ యానాం వాసి కాకినాడను పక్కన పెట్టుకుని, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలోని పుదుచ్చేరి వైపు చూడవలసి రావడం ఫ్రెంచివారు వదిలివెళ్లిన చిత్రాలలో ఒకటి.

ఫ్రెంచివారు వదిలిన మేలు కూడా ఒకటి ఉన్నది. 1823లో వారు స్థాపించిన వైద్య పాఠశాలే కాలక్రమాన ధన్వంతరి వైద్య కళాశాలగా, 1964 నుంచి జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థగా, అంటే జనం నోట జిప్మర్‌గా రూపొందింది. 2002లో అక్కడ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం ఏర్పడింది. 2008లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ సంస్థకు జాతీయ ప్రాముఖ్యం కల్పించింది. పేదలకు ఉచిత వైద్యం పోతుందేమోనని ఆనాడు పట్టణంలో ఆందోళన రేగడం పాత పాఠకులకు గుర్తుండవచ్చు. చట్టం వచ్చిన నాటి నుంచి ఆ సంస్థ మంచిచెడ్డలకు నేరుగా జవాబుదారీ కేంద్ర ఆరోగ్య శాఖ. ఆ శాఖను నిలదీసి అడగవలసిన బాధ్యత పార్లమెంటుది. అందుచేత పుదుచ్చేరి క్యాన్సర్ రోగి సంగతి ఢిల్లీ విలేకరికి సంబంధించిన సంగతే.

ఆ పట్టణాన్ని ఎంచుకోవడానికి ఇంకొక కారణమున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పుదుచ్చేరి ప్రాంతంలో నూటికి 46 మంది స్త్రీలు ఉండవలసిన దానికన్న అధిక బరువుతో ఉన్నారు. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 24. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో వెల్లడించిన ప్రకారం అక్కడ వయోజనులలో 26 శాతానికి పైగా మధుమేహులు. గోవా తర్వాత దేశంలో రెండవ స్థానం. అటువంటి గడ్డ మీద రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన స్త్రీ పైపెచ్చు మరి ఐదారు కిలోలు పెరిగితే దానిని అందచందాల సమస్యగా కొట్టిపారవేయడం సాధ్యమా?

ఒక ఉపాధ్యాయిని మాట

సముద్రపు ఒడ్డు వీధిలో సాయంత్రం వేళ వాహనాలను ఆపివేస్తారు. నడిచేవారికి అంత మంచి బాట దేశంలో బహు తక్కువ ఊళ్లలో ఉన్నది. అక్కడ ఒక మిత్రుని ద్వారా యానాం నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయినితో పరిచయమైంది. వయస్సు నలభై ఆరు. మూడేళ్ల కిందట శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ మూడూ అయినాయి. ఆమె పేరు గానీ, చికిత్స పొందిన చోటు గానీ ఇక్కడ రాయడం లేదు. ఆమె కోరినదీ అదే.

"జుట్టు ఊడిపోద్దన్నారండి. వాంతులవుతాయన్నారండి. దానికి మనసు రాయి చేసుకున్నానండి. ఒళ్లొచ్చేస్తుందని మాత్రం ఒక్కళ్లూ చెప్పలేదండి అన్నయ్యగారూ," అన్నారామె. చికిత్సకు ముందు 57 కిలోలున్న మనిషి ఏడాదిన్నరలో 66 కిలోలయ్యారు. చూడవచ్చిన చుట్టాలందరూ సంతోషించారు. అత్తగారైతే, "ముఖంలో కళ తిరిగింది, ఒళ్లు పట్టావమ్మా, ఇంక భయం లేదు" అని దిష్టి తీశారట. వచ్చిన వారెవరూ వట్టి చేతులతో రాలేదు. ఒకరు సున్నుండలు, ఒకరు నెయ్యి, ఒకరు తాటిబెల్లం. కాదంటే మనసు కష్టపెట్టుకుంటారు. తింటే మోకాళ్లు కష్టపెట్టుకుంటాయి.

తర్వాత ఆమె చెప్పిన మాట నన్ను నిలువనీయలేదు. ఐదేళ్లపాటు రోజూ వేసుకోవలసిన టామాక్సిఫెన్ మాత్ర వల్లనే ఒళ్లు వస్తున్నదని పక్కింటావిడ ఎవరో చెప్పగా నాలుగు నెలలు మాత్ర మానివేశారట. ఆసుపత్రిలో చెప్పలేదు. వారూ అడగలేదు. "బరువు సంగతి ఎత్తితే, 'ప్రాణం దక్కింది, అది చాలదా?' అన్నట్టు చూశారండి," అన్నారు. చివరికి ఊళ్లోని ఒక నర్సు గట్టిగా మందలించిన మీదట మళ్లీ మొదలుపెట్టారు.

మన భాషలో ఒక చిక్కు ఉన్నది. తెలుగులో మనిషి చిక్కిపోవడం దుఃఖానికీ రోగానికీ గుర్తు. 'చిక్కి శల్యమైంది' అంటే జాలి. 'ఒళ్లు చేసింది' అంటే కోలుకున్నదని ఆనందం. రాచపుండు అని పెద్దలు భయంతో పిలిచిన ఈ వ్యాధి విషయంలో శతాబ్దాలుగా అది నిజమే. చిక్కిపోవడం చావుకు ముందు నడక. కాని రొమ్ము క్యాన్సర్‌ను తొలి దశలో పట్టుకుని చికిత్స చేస్తున్న ఈ రోజులలో ఆ పాత కొలబద్ద అన్నిసార్లూ పనికిరాదు. మన కళ్లు సంతోషించే ఆ నిగారింపు వెనుక వేరే కథ జరుగుతున్నది.

తిండి ఒక్కటే కారణమా?

ఆ కథ వైద్యులకు తెలియనిది కాదు. రొమ్ము క్యాన్సర్‌కు మందులు తీసుకుంటున్న స్త్రీలు చిక్కిపోవడానికి బదులు బరువు పెరుగుతున్నారని అమెరికాలోని నర్సులు 1978లోనే తమ వృత్తి పత్రికలో రాశారు. ఎదురుచూడని సంగతి అని దానికి శీర్షికలోనే పేరు పెట్టారు. వైద్యుల కన్న ముందు నర్సులు గమనించడంలో ఆశ్చర్యం లేదు. రోగిని త్రాసు మీద నిలబెట్టేది వారే కదా. 1999లో కెనడా దేశపు టొరంటోలో 535 మంది స్త్రీలను ఏడాది పాటు పరిశీలించగా కీమోథెరపీ తీసుకున్నవారు సగటున రెండున్నర కిలోలు, ఏ మందూ అవసరపడనివారు అర కిలోకు కాస్త పైన పెరిగినట్లు తేలింది. సగటు అన్నది మోసకారి. కొందరు పెరగనే పెరగరు, కొందరు తగ్గుతారు, కొందరు పది కిలోలు పెరుగుతారు. ఆ పరిశీలనలోనే బయటపడిన మరొక సంగతి ఏమంటే, ఎక్కువగా పెరిగినవారు చికిత్స కారణంగా ఆ ఏడాదిలో ముట్లుడిగినవారు.

మన దేశానికి ఈ చివరి మాట ముఖ్యం. పాశ్చాత్య దేశాలతో పోల్చితే మన స్త్రీలకు ఈ వ్యాధి సుమారు ఒక దశాబ్దం ముందుగా వస్తున్నది. నలభైలలో ఉన్న స్త్రీకి కీమో మందులు అండాశయాలను దెబ్బతీస్తే, ప్రకృతి నాలుగైదేళ్లలో మెల్లగా తెచ్చే మార్పు నాలుగైదు నెలలలో వచ్చి పడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, నడుము చుట్టూ కొవ్వు. దీనికి తోడు వాంతులు, దద్దుర్లు రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఆకలిని రేపి, రక్తంలో చక్కెరను పెంచుతాయి. ఆపైన నీరసం. మంచం దిగాలంటే కొండ ఎక్కినట్లుంటుంది.

అసలు కిటుకు నీరసంలోనే ఉన్నది. 2001లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన, కీమో తీసుకున్న స్త్రీలు అంతకుముందు కన్న ఎక్కువ తినలేదని తేల్చింది. తగ్గినది కదలిక. అంతకన్న చిత్రం, వారి శరీరంలో కొవ్వు పెరిగింది గాని కండ పెరగలేదు. కాళ్లలోని కండ తరిగిపోయింది కూడా. మామూలుగా లావెక్కిన మనిషికి ఆ లావును మోయడానికి కండ కూడా కొంత వస్తుంది. ఈ స్త్రీకి మోత పెరిగి, మోసే బలం తగ్గుతుంది. త్రాసు మీద రెండే కిలోలు కనిపించినా లోపల జరిగిన మార్పిడి అంతకన్న పెద్దది.

అటువంటి స్త్రీని చూసి 'నోరు కట్టుకోలేదు' అనడం అన్యాయం. ఆంగ్ల సాహిత్యం చదువుకున్న రోజులలో ఫాల్‌స్టాఫ్ స్థూలకాయాన్ని చూసి మేమందరం కడుపుబ్బ నవ్వాము. మన సినిమాలు ఈనాటికీ లావుపాటి మనిషిని నవ్వు కోసమే తెర మీదికి తెస్తున్నాయి. ఆ నవ్వు మన బుర్రల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, మందులు తెచ్చిన బరువుకు కూడా ఆడమనిషి తనను తానే తిట్టుకుంటున్నది. కత్తి కోతకు సిగ్గుపడలేదు గాని, రవిక బిగుతైనందుకు సిగ్గుపడుతున్నది. సిగ్గుపడినవారు డాక్టరును అడగరు. మాత్ర మానివేస్తారు.

మాత్ర మీద మోపిన నింద

అందుచేత ఆ మాత్ర సంగతి స్పష్టంగా చెప్పుకోవడం అవసరం. టామాక్సిఫెన్ మీద బరువు నింద చాలా పాతది. 1998లో ఫలితాలు వెలువడిన అమెరికా ప్రయోగంలో వ్యాధి లేని 13 వేలకు పైబడిన స్త్రీలలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అదే రూపంలో ఉన్న ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏది ఎవరికి ఇచ్చినదీ తెలియనివ్వలేదు. బరువు పెరగడంలో రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. పెరిగినవారు రెండు వర్గాలలోనూ ఉన్నారు. వయస్సుతోనూ, ముట్లుడగడంతోనూ వచ్చిన బరువు అప్పుడే మొదలుపెట్టిన మాత్ర ఖాతాలో జమ అయిందన్నమాట.

మానివేస్తే పోయేది మాత్రం ఉత్తుత్తి కాదు. హార్మోను మీద ఆధారపడి పెరిగే రకం క్యాన్సర్‌లో ఐదేళ్ల టామాక్సిఫెన్ మొదటి పదిహేనేళ్లలో ఆ వ్యాధి మరణాలను సుమారు మూడింట ఒక వంతు తగ్గిస్తుందని 2011లో ప్రపంచవ్యాప్త ప్రయోగాలన్నింటినీ క్రోడీకరించి తేల్చారు. ఈ మాత్ర ఖరీదైనది కాదు, దిగుమతి సుంకం తగలదు, బడ్జెట్టు ప్రసంగాలకెక్కదు. కోట్ల రూపాయల యంత్రంతో సమానంగా ప్రాణాలు కాపాడే ఆ బిళ్ల, ఒక్క మాట చెప్పేవారు లేక వంటింటి అలమరలో ఉండిపోతున్నది. ఇల్లు కట్టి తలుపు వేయడం మరచినట్లున్నది మన వ్యవహారం.

బరువు పెరిగితే క్యాన్సర్ తిరగబెడుతుందా అన్న ప్రశ్నకు జవాబు కొంత జాగ్రత్తగా చెప్పాలి. వ్యాధి బయటపడిన తర్వాత తమ బరువులో నూటికి ఐదు వంతులు, అంతకు పైగా పెరిగిన స్త్రీలలో మరణాలు 12 శాతం ఎక్కువగా ఉన్నట్లు 2015లో పన్నెండు అధ్యయనాలను కలిపి లెక్కకట్టారు. పదివంతులు పెరిగినవారిలో ఆ తేడా మరింత హెచ్చు. ఇది సంబంధాన్ని చూపుతుంది, కారణాన్ని రుజువు చేయదు. బరువు తగ్గితే ఆయుష్షు పెరుగుతుందని రొమ్ము క్యాన్సర్ విషయంలో ఇంకా తిరుగులేని రుజువు లేదు. కాబట్టి రెండు కిలోలు పెరిగిన ఏ చెల్లెమ్మా బెంబేలు పడవలసిన పని లేదు. ఉపవాసాలకూ, పొడులకూ, కషాయాలకూ పరుగెత్తవలసిన పని అసలే లేదు.

అయితే మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పుల విషయంలో సందేహాలు లేవు. కీమో మందులలో కొన్ని గుండె కండరాన్నే బలహీనపరుస్తాయి. అప్పటికే నలుగురిలో ఒకరికి మధుమేహమున్న పుదుచ్చేరి వంటి ప్రాంతంలో, రొమ్ము క్యాన్సర్‌ను గెలిచిన స్త్రీ గుండెపోటుకు బలి అయితే ఆ గెలుపును ఏ ఖాతాలో రాసుకోవాలి? చంక కింది గ్రంథులు తీసివేసినవారికి బరువు పెరిగిన కొద్దీ చేయి వాపు ముప్పు కూడా పెరుగుతుంది. ఈ వాపు భయంతోనే 'ఆ చేత్తో బిందె ఎత్తవద్దు, బకెట్టు ముట్టవద్దు' అని ఇంటింటా చెబుతారు. 2009లో అమెరికాలో వాపు ఉన్న 141 మంది స్త్రీలపై జరిపిన ప్రయోగంలో, శిక్షకుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులెత్తినవారికి వాపు పెరగలేదు సరికదా, బాధలు తగ్గినాయి. కండ తిరిగి రావాలంటే కదలిక కావాలి. వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు కండకు పని అన్నది ఇప్పుడు అంగీకరించిన సూత్రం. దానిని చెప్పి, చేయించి చూపే మనిషి కావాలి.

పద్దులో లేని పదిహేను రోజుల తర్వాత

ఇక రాజ్యాంగ యంత్రం వైపు చూద్దాము. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ బీమా పథకం కుటుంబానికి ఏటా ఐదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. శస్త్రచికిత్సకు, కీమోకు, రేడియేషన్‌కు ప్యాకేజీలున్నాయి. ఆసుపత్రి నుంచి విడుదలైన తర్వాత 15 రోజుల వరకు మందుల, పరీక్షల ఖర్చు ఇస్తుంది. మాత్ర వేసుకోవలసినది ఐదేళ్లు. పథకం గుర్తించేది పదిహేను రోజులు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలై ఎందరో పేదల ప్రాణాలు నిలిపిన ఆరోగ్యశ్రీకి కూడా శస్త్రచికిత్సలూ, పెద్ద చికిత్సలే ఇరుసు. పెద్ద జబ్బుకు పెద్ద ఖర్చు అన్న తర్కంలో తప్పు లేదు. చిన్న ఖర్చుతో ఆపగలిగిన పెద్ద జబ్బులు ఆ తర్కంలో ఇమడవు.

ముప్ఫయ్యేళ్లు దాటిన వారందరికీ మధుమేహం, రక్తపోటు, మూడు రకాల క్యాన్సర్లకు పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమమూ ఉన్నది. ఆచరణ ఎంత అన్నది వేరే ప్రశ్న. రొమ్ము పరీక్ష ఎన్నడైనా చేయించుకున్న స్త్రీలు దేశంలో నూటికి ఒక్కరు కూడా లేరని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అది అలా ఉంచినా, ఆ పరీక్షలు క్యాన్సర్‌ను వెదకడానికి. వచ్చి, చికిత్స అయి ఇంటికి చేరిన స్త్రీని ఎవరు చూడాలి? ఊరి ఆరోగ్య కేంద్రం వారు 'పెద్దాసుపత్రి కేసు' అంటారు. పెద్దాసుపత్రి వారు 'బరువు సంగతి మీ ఊళ్లో చూపించుకోండి' అంటారు. త్రాసు రెండుచోట్లా ఉన్నది. ఆమె మాత్రం రెండు త్రాసులకూ మధ్య నిలబడి ఉన్నది.

వైద్యులపై నేరం మోపడం నా ఉద్దేశం కాదు. ఉదయం నుంచి వరుసలో నిలబడ్డ రోగులకు ఒక్కొక్కరికి నిమిషాల లెక్కన కాలం కేటాయించవలసిన డాక్టరు, వ్యాధి తిరగబెట్టినదా లేదా అన్న ఒక్క ప్రశ్నకే ఆ నిమిషాలను ఖర్చు చేస్తాడు. అది న్యాయమే. అందుకే బరువు మాట డాక్టరు దయాదాక్షిణ్యాలకు వదలకుండా ఏర్పాటులో భాగం కావాలి. ఆహార నిపుణురాలు, ఫిజియోథెరపిస్టు, మాట్లాడే నర్సు క్యాన్సర్ విభాగంలో అలంకారాలు కారు.

పార్లమెంటు స్థాయీ సంఘం 2022లో క్యాన్సర్ చికిత్సపై సవివరమైన నివేదిక సమర్పించింది. క్యాన్సర్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియపరచవలసిన వ్యాధుల జాబితాలో చేర్చమన్నది. రోగ నిర్ణయం, మందుల ధరలు, ఆసుపత్రుల కొరత మీద మంచి పరిశ్రమ చేసింది. దాని తరువాయి పని చికిత్స అనంతర జీవితాన్ని చేపట్టడం. ఇందుకు వేల కోట్లు అడగడం లేదు. ప్రతి సందర్శనలో బరువు, నడుము కొలత రాయాలి. చికిత్సకు ముందే, జుట్టు సంగతి చెప్పే నోటితోనే బరువు సంగతి కూడా చెప్పాలి. అది రోగికి అర్థమయ్యే భాషలో, పుదుచ్చేరిలో తమిళంలోనూ, యానాం వారికి తెలుగులోనూ అచ్చయిన కాగితంగా చేతికివ్వాలి. ఐదేళ్ల మాత్రలు, ఏటా చక్కెర పరీక్ష ఊరి ఆరోగ్య కేంద్రంలోనే అందాలి. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ప్రారంభించిన జిప్మర్ యానాం విభాగం ఇటువంటి పర్యవేక్షణకు తగిన చోటు. ఎనిమిది వందల కిలోమీటర్లు రైలెక్కి వెళ్లి చేయించుకోవలసిన పని కాదిది.

శాసనకర్తలకు ఈ విషయంలో ఆదర్శం వెదకడానికి దూరం పోనక్కరలేదు. 1927లో మద్రాసు శాసన మండలి ఉపాధ్యక్షురాలైన డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి, సొంత చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న దుఃఖాన్ని దశాబ్దాలపాటు మోసి, 1954లో అడయారు క్యాన్సర్ ఆసుపత్రిని నిలబెట్టారు. క్యాన్సర్ అంటే చావే కదా, దానికి ఆసుపత్రి దేనికని పెద్దలే అడిగిన కాలమది. ఈనాటి ప్రశ్న దానికి చెల్లెలు వంటిది. బతికారు కదా, ఇంకేమి కావాలి అంటున్నారు.

1811లో పారిస్ నగరంలో ఫానీ బర్నీ అనే ఆంగ్ల నవలారచయిత్రికి మత్తుమందు లేకుండానే రొమ్ము తొలగించారు. ఆ బాధను ఆమె తన సోదరికి రాసిన లేఖ ఈనాటికీ చదువరుల ఒళ్లు జలదరింపజేస్తుంది. అప్పటికామె వయస్సు 59. ఆ తర్వాత ఆమె ఇరవై ఎనిమిదేళ్లకు పైగా జీవించారు. లోకానికి గుర్తున్నది ఆ ఒక్క రోజు కోత. ఆమె బతికినది మాత్రం ఆ ఇరవై ఎనిమిదేళ్లు. మన ప్రభుత్వాలు కూడా ఆ ఒక్క రోజుకే డబ్బు కేటాయిస్తున్నాయి.

పుదుచ్చేరికి లోక్‌సభలో ఒక్క స్థానం, రాజ్యసభలో ఒక్క స్థానం. తెలుగు రాష్ట్రాల నుంచి రెండు సభలలోనూ కలిపి అరవై మంది ఉన్నారు. వచ్చే సమావేశంలో వీరిలో ఎవరైనా ఒకరు ఆరోగ్య శాఖకు నక్షత్ర గుర్తు గల ప్రశ్న ఒకటి పంపితే చాలు. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన స్త్రీల బరువు ఎన్నాళ్లపాటు నమోదు చేస్తున్నారు? వారిలో ఎందరు ఐదేళ్ల మాత్ర మధ్యలో మానివేశారు? ఎందుకు మానివేశారు? 'సమాచారం సేకరించి సభ ముందుంచుతాము' అన్న అలవాటైన జవాబే వస్తుందనుకున్నా నష్టం లేదు. సమాచారం లేదన్న సంగతి అప్పుడు సభా రికార్డులకెక్కుతుంది. ఢిల్లీలో ఏ పద్దు తెరుచుకోవాలన్నా మొదటి మెట్టు అదే.